మన పట్టాలోకి వచ్చిన దుప్పి ఎవరిది?

"పట్టా నీదే కదా, చేను నీదే కదా, అందులోకి వచ్చిన దుప్పిని కొట్టడానికి ఇంకెవరిని అడగాలి?" ఈ మాట ఇప్పుడు మన ఏజెన్సీ ఊళ్లలో తరచుగా వినిపిస్తోంది. మొదట అన్నది మనవాళ్లు కాదు. పట్నం నుంచి చీకటి పడ్డాక జీపులో వచ్చేవాళ్లు అన్నారు. తుపాకీ వాళ్లది, లైటు వాళ్లది, జీపు వాళ్లది. మన దగ్గర వాళ్లకు కావలసింది దారి తెలిసిన ఒక కుర్రాడు, దుప్పులు మేతకు దిగే ఒక చేను, ఆ చేను గల మనిషి నోటి నుంచి ఒక "సరే". ఆ సరేకి ఎంతో కొంత చేతిలో పెడతారు. వినగా వినగా మన కుర్రాళ్లు కూడా ఇప్పుడు అదే మాట అంటున్నారు. పైకి న్యాయంగానే ఉంటుంది. నా నేల మీద నాకు హక్కు లేదా అంటే, లేదని ఎవరనగలరు? ఆ హక్కు కోసం మన తాతలు జైళ్లకు వెళ్లారు, ప్రాణాలు ఇచ్చారు. అందుకే ఈ మాటను కొట్టిపారేయకుండా కూర్చుని ఆలోచించాలి.

ముందు పట్టా సంగతి చూద్దాం. మనలో చాలామంది చేతిలో ఉన్నది 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా. నాలుగు హెక్టార్లకు మించకుండా, సాగులో ఉన్నంత నేలకు ఇస్తారు. తండ్రి నుంచి బిడ్డలకు వస్తుంది. కానీ అమ్మడానికి లేదు, ఇంకొకరికి బదలాయించడానికి లేదు. రెవెన్యూ పట్టా ఉన్నవాళ్లకు కూడా 1/70 చట్టం ఉంది. ఏజెన్సీలో నేల గిరిజనేతరుడి చేతికి పోకూడదు. అంటే మన పట్టా మైదానంలో రైతు పట్టా లాంటిది కాదు. బతకడానికి ఇచ్చింది, బేరం పెట్టడానికి ఇచ్చింది కాదు. నేలనే అమ్మే వీలు లేనప్పుడు, మనం విత్తనం వేయని, మేత పెట్టని, పేరు పెట్టి పిలవని ఒక జంతువు ప్రాణాన్ని ఆ నేల పేరు చెప్పి ఎలా అమ్ముతాం? జీపువాడు డబ్బు ఇస్తున్నది చేనులో అడుగు పెట్టనిచ్చినందుకని మనం అనుకుంటాం. అతను కొనుక్కున్నానని అనుకునేది దుప్పిని.

చట్టం ఏమంటుందో కూడా కుర్రాళ్లకు సూటిగా చెప్పాలి, చాలామంది టీచర్లు మొహమాటపడి చెప్పరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి అడవి వేరు, పట్టా చేను వేరు కాదు. ఎక్కడ చంపినా వేటే. 1991లో చేసిన సవరణతో లైసెన్సు వేట కూడా పోయింది. చంపడం ఒక్కటే వేట కాదు. ఉచ్చు వేయడం, ఎర పెట్టడం, జంతువును తోలడం, వీటికి ప్రయత్నించడం కూడా ఆ చట్టం లెక్కలో వేటే. అంటే తుపాకీ ముట్టుకోకపోయినా, పొదల్లో నుంచి దుప్పిని తోలిన కుర్రాడు కూడా వేటగాడే. సాయపడినవాడికీ చేసినవాడికీ శిక్షలో తేడా లేదు. చంపిన జంతువు మాత్రం సర్కారు ఆస్తి. మీద పడిన జంతువును ప్రాణం కాపాడుకోవడానికి చంపితే నేరం కాదు గానీ, ఆ కళేబరం అప్పుడు కూడా సర్కారుదే. జీపులో వచ్చినవాళ్లకు వకీళ్లుంటారు. మన కుర్రాడికి వకీలు ఎక్కడుంటాడో కూడా తెలియదు. నాకు తెలిసిన ఒక గూడెంలో పందొమ్మిదేళ్ల కుర్రాడు లైటు పట్టుకున్నందుకు కేసులో ఇరుక్కున్నాడు. వాయిదాలకు తిరగడానికే వాళ్ల నాన్న రెండు ఎడ్లలో ఒకదాన్ని అమ్ముకున్నాడు. కాల్చినవాడు ఎవరో ఆ ఊళ్లో ఎవరికీ పేరు కూడా తెలియదు.

ఇలా చెబుతున్నానని చట్టం తరఫున మాట్లాడుతున్నానని అనుకోవద్దు. ఈ చట్టం చేసేటప్పుడు మనల్ని అడిగినవాళ్లు లేరు. అటవీ హక్కుల చట్టం కూడా అడవితో మనకున్న సంప్రదాయ హక్కులన్నిటినీ ఒప్పుకుంటూ, వేట దగ్గరకు వచ్చేసరికి అది తప్ప అని రాసింది. వన్యప్రాణి చట్టం గిరిజనుల వేట హక్కు జోలికి పోనని చెప్పింది నికోబార్ దీవుల తెగల విషయంలోనే. మరి అడవులను ఖాళీ చేసింది ఎవరు? సర్గుజా రాజు ఒక్కడే వెయ్యికి పైగా పులులను చంపాడని చెప్పుకుంటారు. దొరలు, నవాబులు, జమీందార్లు వేటకు వస్తే డప్పులు కొట్టి జంతువులను తోలింది మన తాతలు, మంచె మీద కూర్చుని కాల్చింది వాళ్లు. చీతా ఈ దేశంలో అంతరించిందని 1952లో ప్రభుత్వమే ప్రకటించింది. అది విల్లుతో పోయింది కాదు. ఈ కోపం న్యాయమైనదే. కానీ చట్టం మీద కోపం ఉన్నంత మాత్రాన జీపువాడి మాట నిజమైపోదు. చట్టం లేని రోజుల్లో మన పెద్దలు ఈ ప్రశ్నకు ఏం చెప్పేవారో చూడాలి.

వాళ్లకు హద్దులు లేవని, అడవంతా అందరిదని కొందరు పుస్తకాల్లో రాస్తారు. అది సగం నిజం. నల్లమలలో చెంచుల ఒక్కో గుంపుకూ తనదని చెప్పుకునే అడవి ఉండేదని 1940ల్లో వాళ్ల మధ్య తిరిగి రాసిన హైమెండార్ఫ్ నమోదు చేశాడు. మా గోదావరి వైపు కూడా ఊరికొక పొలిమేర ఉంది. ఏ వాగు దాటితే ఎవరి కొండో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పక్క ఊరి కొండ మీద వేటకు పోవాలంటే ముందు ఆ ఊరి పెద్దకు కబురు పెట్టాలి. కబురు పెట్టకుండా పోతే అది దొంగతనం కన్నా తక్కువ తప్పేమీ కాదు. కాబట్టి పరాయి నేల మీద అడిగి అడుగు పెట్టడం మనకు ఎవరో నేర్పవలసిన మర్యాద కాదు.

కానీ ఆ కబురు దేనికి? ఇక్కడ కొంచెం నిదానించాలి. ఆ ఊరి పెద్ద వేటకు ఒప్పుకుంటే దుప్పి ఇచ్చినట్టు కాదు. ఆయన ఇచ్చింది దారి. దుప్పి ఆయనదని ఆయనా అనుకోడు, వీళ్లూ అనుకోరు. అది కొండది. దొరికితే కొండ ఇచ్చినట్టు, దొరక్కపోతే ఇవ్వనట్టు. మా తాత వేట నుంచి ఖాళీ చేతులతో వచ్చిన రోజు "తప్పిపోయింది" అని ఎప్పుడూ అనేవాడు కాదు, "ఇవ్వలేదు" అనేవాడు. చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు, ఎవరు ఇవ్వలేదు అని అడిగేవాణ్ణి.

ఇక జంతువు పడ్డాక జరిగే పంపకం చూడండి. ఊరూరికీ, తెగ తెగకూ తేడా ఉంటుంది. మా ఇంట్లో విన్నది చెబుతాను. మొదటి బాణం ఎవరిదో వాడికి ఒక ప్రత్యేక వాటా. ఆ బాణంతో దుప్పి పడకపోయినా సరే, రెండో బాణంతో పడినా సరే, మొదటివాడి వాటా మొదటివాడిదే. తోలినవాళ్లకు సమానంగా. కుక్క జాడ పట్టి ఉంటే కుక్క పేరున ఒక వాటా, అది కుక్క యజమానికి పోతుంది, పేగులు కుక్కకే. వేటకు రాలేని ముసలివాళ్లకు మెత్తటి ముక్కలు. మగదిక్కు లేని ఇంటికి తప్పకుండా వాటా, అదీ ఆ ఇంటావిడ వచ్చి అడగకముందే పంపాలి. అడిగేదాకా ఉంటే పంచినవాడికి సిగ్గు. గాయపడిన దుప్పి పొలిమేర దాటి పక్క ఊరి నేల మీద పడితే, దాన్ని అక్కడే కోయకూడదు, మోసుకుని రాకూడదు. ఒకడు కాపలా ఉంటాడు, ఒకడు ఆ ఊరికి పోతాడు. వాళ్లు వచ్చి చూశాక, వాళ్ల ముందే కోసి, ఆ నేల పేరున ఒక వాటా అక్కడ పెట్టి, మిగిలింది తెచ్చుకుంటారు. ఆ చేను ఒక మనిషిది అయితే ఆ వాటా ఆ మనిషికి. చీకటి పడిందనో, వాన వస్తోందనో గాయపడినదాన్ని వదిలేసి వస్తే ఇంకా పెద్ద తప్పు. వదిలినవాణ్ణి తర్వాతి వేటకు పిలిచేవారు కాదు.

ఈ లెక్కలో నేల గలవాడికి వాటా ఉంది, ధర లేదు. ధర అంటే ముందే మాట్లాడుకునేది, దుప్పి పడినా పడకపోయినా చేతిలో పడేది, ఇచ్చాక ఇక సంబంధం లేనిది. వాటా అంటే అందరి కళ్ల ముందు కోసి ఇచ్చేది. వాటా తీసుకున్నవాడు ఆ ప్రాణం పోయినందుకు తనూ ఒక సాక్షి, తనూ ఒక భాగస్థుడు. ఎంత పెద్దది, ఆడదా మగదా, కడుపుతో ఉందా, పిల్లను వదిలి వచ్చిందా అన్నీ పది మంది చూస్తారు. తప్పు చేసినవాడు దాచుకోలేడు. జీపువాడి వేటలో ఈ సాక్షులే ఉండరు. చీకట్లో లైటు వేస్తే దుప్పి కళ్లు చెదిరి నిలబడిపోతుంది. కాల్చి, ఎత్తి వెనక పడేసుకుని పోతారు. తెల్లారి చేనులో రక్తం మరక తప్ప ఏమీ ఉండదు. ఊళ్లో ఒక ముసలమ్మకు ఒక ముక్క అందదు.

ప్రైవేటు భూముల్లో జింకల వేట బాగా జరిగే దేశం అమెరికా. అక్కడ వేట చట్టబద్ధం, కాలం నియమించి లైసెన్సు ఇస్తారు. టెక్సాస్ రాష్ట్రంలో దాదాపు నూటికి 95 వంతుల నేల ప్రైవేటువాళ్ల చేతిలోనే ఉంది. వేటాడేవాడు భూమి గలవాణ్ణి అడగాలి, తరచుగా కౌలు కట్టాలి. ఆ దేశంలో కూడా భూమి గలవాడు అమ్మేది ప్రవేశాన్నే. అడవి జంతువులు రాష్ట్ర ప్రజలవని టెక్సాస్ చట్టమే చెబుతుంది. గాయపడిన జింక కంచె దాటి పక్కవాడి భూమిలో పడితే, చాలా రాష్ట్రాల్లో పక్కవాణ్ణి అడగకుండా లోపలికి పోకూడదు. మంచి వేటగాడు సీజన్ మొదలవకముందే పగటిపూట వెళ్లి తలుపు తట్టి అడుగుతాడు, తర్వాత మాంసంలో కొంత తీసుకెళ్లి ఇస్తాడు. మన పెద్దల మర్యాదకు ఇది అంత దూరమేమీ కాదు.

అదే దేశంలో మనలాంటివాళ్ల కథ కూడా ఉంది, అది కుర్రాళ్లు తెలుసుకోవాలి. విస్కాన్సిన్ ఉత్తర భాగంలో ఒజిబ్వే అనే ఆదివాసులు ఉన్నారు. 1837, 1842 ఒప్పందాల్లో వాళ్లు తమ నేలను అమెరికా ప్రభుత్వానికి వదిలారు, కానీ ఆ నేల మీద వేటాడే, చేపలు పట్టే, అడవి వరి సేకరించే హక్కు తమ దగ్గరే ఉంచుకున్నారు. తర్వాత రాష్ట్రం ఆ హక్కును పట్టించుకోలేదు, వాళ్లను పట్టుకుని కేసులు పెట్టింది. 1983లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ హక్కు ఇంకా బతికే ఉందని తీర్పు చెప్పింది. ఆ తర్వాత వాళ్లు చేపలు పట్టడానికి పోతే పడవల రేవుల దగ్గర జనం గుమిగూడి తిట్టారు, రాళ్లు వేశారు. చివరకు కోర్టులు ఆ వేట హక్కును ప్రభుత్వ భూములకే పరిమితం చేశాయి, ప్రైవేటు భూముల్లో సాధారణంగా చెల్లదన్నాయి. ఒప్పందం రాసుకున్ననాడు ఆ అడవిలో కంచెలు లేవు. తర్వాత ఎవరో వచ్చి కొనుక్కున్న ప్రతి ముక్కా వాళ్ల వేటను అంత తగ్గించింది. పట్టా అనే కాగితం ఏం చేయగలదో చూడండి. ఒకడికి రక్షణ అయిన గీత ఇంకొకడికి తాడు అవుతుంది. మన పట్టాను మనం ఎలా వాడతామన్నది అందుకే చిన్న విషయం కాదు.

ఇంతవరకు చదివిన రైతు ఒకడు నన్ను తప్పకుండా అడుగుతాడు. "దుప్పి నాది కాదు, ఒప్పుకున్నాను. అది తిన్న కంది నాదే కదా?" దీనికి తేలికైన జవాబు లేదు. నారాయణపేట జిల్లాలో కృష్ణా ఒడ్డున కృష్ణజింకల మందలు పంటల మీద పడుతున్నాయని రైతులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. మన దగ్గర దుప్పులు, అడవి పందులు, కోతులు. దుప్పి సర్కారు ఆస్తి అయితే సర్కారు ఆస్తి వచ్చి నా చేను మేస్తే ఎవరు కట్టాలి? నష్టపరిహారానికి నిబంధనలు ఉన్నాయి. దరఖాస్తు, ఫోటోలు, అధికారి తనిఖీ, తర్వాత నెలల ఎదురుచూపు. పంటకు ప్రమాదంగా మారిన కొన్ని జంతువులను, కారణాలు రాసి, చంపించే అధికారం అధికారులకు ఉంది. అది వాళ్లకు ఉంది, మనకు కాదు. ఇది అన్యాయంగానే నాకు కనిపిస్తుంది. జంతువు అందరిది అన్నప్పుడు దాని మేత ఖర్చు ఒక్క పేదవాడి చేను మీద పడకూడదు. అడగవలసింది ఇదీ, గట్టిగా, గ్రామసభ తీర్మానంతో.

రాజస్థాన్‌లో బిష్ణోయిలు తమ చేలలోకి వచ్చిన కృష్ణజింకలను తోలరు, తిననిస్తారు. 1998లో జోధ్‌పూర్ దగ్గర ఒక సినిమా నటుడి మీద కృష్ణజింకల కేసు పడి, ఇరవై ఏళ్లు నడిచి 2018లో శిక్ష దాకా వచ్చిందంటే ఆ ఊళ్లవాళ్లు వదలకుండా నిలబడడం వల్లే. వాళ్లంటే నాకు గౌరవం. కానీ వాళ్లను చూసి నేర్చుకోండని మనకు పాఠాలు చెప్పేవాళ్లతో నాకు పేచీ ఉంది. వాళ్లది మాంసం ముట్టని ధర్మం. మనది వేటాడి తిన్న జాతి. తిన్నదానికి సిగ్గుపడనక్కర్లేదు. మన మర్యాద మన తిండిలో నుంచే పుట్టింది, దాన్ని అక్కడే వెతుక్కోవాలి.

ఆ మర్యాదతో చూస్తే మంచె కట్టుకుని కాపలా కాయడం, వడిసెల తిప్పడం, డబ్బా కొట్టడం, మంట పెట్టడం అన్నీ సరే. కరెంటు తీగ సరి కాదు. నా లెక్కలో జీపు కన్నా తీగే పెద్ద తప్పు. జీపువాడు కనీసం తను చంపేదాన్ని చూస్తాడు. తీగ వేసినవాడు ఇంట్లో పడుకుంటాడు. తీగకు పంది ఎవరో, దుప్పి ఎవరో, కడుపుతో ఉన్నది ఏదో, పొద్దున్నే ఇప్పపువ్వు ఏరడానికి పోయే పక్కింటి అమ్మాయి ఎవరో తెలియదు. తీగ తగిలి మనుషులు, ఆవులు చనిపోయిన వార్త రాని ఏడాది లేదు. "నా చేనులో నేను వేసుకున్నాను" అన్నది ఇక్కడ కూడా అదే మాట, జీపువాడి మాటే. పిండిలో మందుగుండు చుట్టి పెట్టే నాటుబాంబు కూడా అంతే. దవడ పగిలిన పంది వారం రోజులు ఆకలితో తిరిగి చస్తుంది. మన పెద్దల లెక్కలో గాయపరిచి వదిలేసినవాడికి తర్వాతి వేటకు పిలుపు లేదని పైన చెప్పాను. ఇలాంటివాణ్ణి ఏం చేసేవారో వాళ్లకు ఆలోచించే అవసరమే రాలేదు.

పండుగ సంగతి వేరు. విశాఖ మన్యంలో చైత్రంలో ఇటుకల పండుగ వస్తుంది. మగవాళ్లు వేటకు పోతారు, ఖాళీ చేతులతో వస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఆట పట్టిస్తారు. గోదావరి వైపు భూమి పండుగకూ వేట ఉంది. ఆ పేడనీళ్ల భయంతో కుర్రాళ్లు తుపాకీ దగ్గరకు పోతున్నారని కొందరు పెద్దలు బాధపడుతున్నారు. ఇందులో తేల్చి చెప్పేంత పెద్దవాణ్ణి కాను. కానీ ఒకటి అడుగుతాను. ఖాళీ చేతులతో వచ్చినవాడికి కూడా పండుగలో చోటు ఉండేదంటే, నవ్వి, తడిపి, తర్వాత కూర్చోబెట్టి అన్నం పెట్టేవారంటే, ఆ పండుగ మాంసం కోసమేనా? అక్కచెల్లెళ్లు దీని మీద మాట్లాడితే బాగుంటుంది. పేడనీళ్ల కుండ వాళ్ల చేతిలోనే ఉంది.

జీపు మీ ఇంటి ముందు ఆగినప్పుడు కష్టం ఇంకొకటి ఉంది. గడపలోకి వచ్చినవాడికి కాదనడం మనకు అలవాటు లేదు. మంచినీళ్లు ఇస్తాం, మంచం వాలుస్తాం. వాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు, అందుకే ముందు కూర్చుంటారు, తర్వాత అడుగుతారు. మంచినీళ్లు ఇవ్వండి. "ఈ చేను నాదే, అందులో నడిచే దుప్పి నాది కాదు, నాది కానిదానికి సరే అనలేను" అని చెప్పండి. ఒక్కడే చెప్పలేకపోతే గ్రామసభ మీద పెట్టండి. అటవీ హక్కుల చట్టంలో వేటను తీసేసిన మాట నిజమే గానీ, అదే చట్టం 5వ సెక్షన్‌లో అడవినీ వన్యప్రాణులనూ కాపాడే అధికారం, వాటికి చెరుపు చేసే పనులను ఆపే అధికారం గ్రామసభకు ఇచ్చింది. ఊరి మొగలో రాత్రి పూట జీపును ఆపడానికి అది చాలు. ఒక తీర్మానం రాసి, వేలిముద్రలు వేసి, ఒక కాపీ బీట్ ఆఫీసర్‌కు ఇస్తే, తర్వాత "మీ ఊరివాళ్లే వేటగాళ్లు" అనే మాటకు కూడా మన దగ్గర కాగితం ఉంటుంది.

టీచర్లకు ఒక పని. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలను ఊళ్లో పెద్దల దగ్గరకు పంపించండి. వేట ఎలా చేసేవారని అడగనక్కర్లేదు, అది అందరూ గొప్పగా చెబుతారు. పంపకం ఎలా చేసేవారని అడగమనండి. ఎవరికి ఏ ముక్క, ఎందుకు, పొలిమేర దాటితే ఏం చేసేవారు, కబురు ఎవరు తీసుకెళ్లేవారు, చెప్పకుండా పోయినవాడికి ఏం తప్పు కట్టించేవారు. ఆ మాటలకు మన భాషల్లో ఉన్న పేర్లతో సహా తెలుగు లిపిలో రాయించండి. మా ఊళ్లో ఆ లెక్క మొత్తం చెప్పగలిగినవాళ్లు ఇప్పుడు ముగ్గురే ఉన్నారు. వాళ్లలో ఒకాయనకు చెవుడు, దగ్గర కూర్చుని గట్టిగా అడగాలి.